ఆరున్నొకటి

పెళ్ళయి నెల తిరగకముందే నేను మా అత్తమ్మ చెవిలో రోజుకు ఎనిమిది గంటలు మాట్లాడడం మొదలుపెట్టాను. కాదనడానికి ఆమెకు వీల్లేదు. ఆమె తలకు పెట్టుకున్న హెడ్‌సెట్‌లో ఉన్నది నా గొంతు. ఆమె మామిడికాయ చేతిలోకి తీసుకుని "రెండు" అంటే నేను "రెండు, సరే" అంటాను. ఆమె అన్నది అర్థం కాకపోతే "మళ్ళీ చెప్పండి" అంటాను. నిజానికి ఆ సమయంలో నేను పక్క గదిలో లోడు కాయితాలు రాస్తూనో, మా ఆయన డానీ వ్యాను వచ్చిందా అని కిటికీలోంచి చూస్తూనో ఉండేదాన్ని. అయినా రోజుకు వందలసార్లు ఆమెను ఆపి మళ్ళీ అడిగింది నేనే.

మొదట్లో అదీ నాకు ముచ్చటగానే ఉండేది. పోయిన ఎండాకాలం నాకు ముచ్చటగా లేనిదంటూ ఏదీ లేదు. ఈస్టర్ తర్వాతి బుధవారం మా పెళ్ళి. శంషాబాద్‌లో రెండు గదుల కిరాయి ఇల్లు. ముందు గది అత్తమ్మది, వెనక గది మాది. మా కిటికీ మీదుగా విమానాలు దిగేవి, దిగినప్పుడల్లా స్టాండులో గ్లాసులు గలగలమనేవి. ఆ విమానం ఏ ఊరి నుంచి వచ్చిందో డానీ చెప్పేవాడు, సగం అబద్ధం. కొత్త కుక్కరు మూత ఒక్కసారికే సరిగ్గా పడితే నేను వంటింట్లో ఒక్కదాన్నే నవ్వుకునేదాన్ని. పొద్దున అత్తమ్మ షేర్ ఆటోలో, మేమిద్దరం బండి మీద పనికి పోయేవాళ్ళం. ఆటోను దాటేటప్పుడు డానీ నడుం మీంచి చెయ్యి తీసేసేదాన్ని. ఆమె చూసేది. చూసి మొహం అటు తిప్పుకునేది.

ముగ్గురం పనిచేసేది ఒకే చోట. మహేశ్వరం పోయే రోడ్డు మీద పెద్ద రేకుల షెడ్డు. విదేశాలకు పోయే బేనిషాన్, హిమాయత్ మామిడికాయలను అక్కడ ఏరి, డబ్బాల్లో సర్ది, ఎయిర్‌పోర్టు కార్గోకు పంపుతారు. డానీ ఆ వ్యాను నడుపుతాడు. మా అత్తమ్మ యేసుమణి పదిహేను సీజన్లుగా ఏరే బల్ల దగ్గర నిలబడుతుంది. నేను డిగ్రీ చదివాను కాబట్టి నాకు ఆఫీసులో కుర్చీ, ఫ్యాను.

మేనేజరు అరుణ్‌కుమార్ గారిది గుంటూరు వైపు. ఎవరి మీదా గొంతు పెంచడు, స్వీపరును కూడా అండీ అంటాడు. ఆ సీజన్‌కు పై ఆఫీసు హెడ్‌సెట్ల కొత్త పద్ధతి పంపింది, దానికి తెలుగు మాటలు రికార్డు చేసి పంపమంది. నేను చర్చిలో ఆదివారం వాక్యం చదివేదాన్ని. గుంటూరాయన నా ఉచ్చారణ శుభ్రంగా ఉందన్నాడు. శబ్దం లేని చోటు కావాలని కోల్డ్ రూంలో మోటారు ఆపించి, డానీ జాకెట్ వేసుకుని, పళ్ళు టకటక కొట్టుకుంటుంటే చదివాను. ఒకటి నుంచి తొమ్మిది దాకా. సరే. మళ్ళీ చెప్పండి. తర్వాతి డబ్బా. మీ విరామం మొదలైంది. మీ విరామం ముగిసింది. "నాలుగు" దగ్గర నా పెళ్ళిగాజులు గలగలమన్నాయి. మళ్ళీ చదివే టైము లేదు, కాయలు పాడవుతాయని మోటారు వేసేశారు. గాజుల చప్పుడు అలాగే ఉండిపోయింది. మొదటి రోజు డానీ లోడింగు దగ్గర ఎవరిదో హెడ్‌సెట్ తీసి పెట్టుకుని నాలుగు, నాలుగు, నాలుగు అంటూ నిలబడ్డాడు. వెనక లారీ వాడు తిట్టేదాకా అక్కడి నుంచి కదల్లేదు.

అంతకుముందు ఆ షెడ్డులో పని జోడీగా జరిగేది. బల్లకు ఇద్దరు. ఒకరు కాయను అరచేతిలో తిప్పి, తొడిమ చూసి, సొన మచ్చ చూసి, తొడిమ పక్క భుజాలు ఎదిగాయా లేదా వేలితో నొక్కి చూసి, డబ్బాలో అది ఎన్నో కాయో ఆ అంకె అంటూ అందిస్తారు. రెండో మనిషి తెల్ల జాలి తొడిగి డబ్బాలో పెడుతుంది. డబ్బాకు తొమ్మిది. అత్తమ్మ జోడీ హమీదా. జల్‌పల్లి నుంచి వస్తుంది, నేను ఖాలా అంటాను. వాళ్ళిద్దరూ కాయల మీద నుంచి చూపు తీయకుండానే కోడళ్ళ సంగతి, కరెంటు సంగతి, మోకాళ్ళ సంగతి అన్నీ మాట్లాడుకునేవాళ్ళు. మధ్యలో అంకె మాత్రం తప్పేది కాదు.

కొత్త పద్ధతిలో బల్లకు ఒక్కరే. ఏరేదీ, సర్దేదీ, అంకె చెప్పేదీ ఆ ఒక్కరే. వేరే మాట మాట్లాడితే హెడ్‌సెట్ దాన్ని కూడా విని తికమకపడుతుంది, అందుకని మాటలు బంద్. గోడ మీద పెద్ద తెర. అందరి పేర్లూ దాని మీదే. వేగంగా ఉన్న పేరు పచ్చగా, వెనకబడిన పేరు ఎర్రగా. విరామం కూడా ఎవరికి ఎప్పుడో హెడ్‌సెట్టే చెబుతుంది, ఏ ఇద్దరికీ ఒకేసారి రాదు. పదిహేనేళ్ళు ఒకే దస్తీ మీద సద్ది విప్పుకున్న అత్తమ్మా, ఖాలా ఒకరి తర్వాత ఒకరు తినసాగారు. ఖాలా పోతూ పోతూ తన టిఫిన్ మూతలో కొంచెం బగారన్నం బల్ల కింద పెట్టి పోయేది. అత్తమ్మ విరామం వచ్చేసరికి అది చల్లారిపోయేది.

తప్పు ఎక్కడ జరిగిందో చెప్పాలంటే హెడ్‌సెట్లు ఇచ్చిన రోజు చెప్పాలి. ఆ యంత్రం ఎవరి గొంతును వాళ్ళ దగ్గరే నేర్చుకుంటుంది. ట్యాబ్ తెర మీద అంకె వస్తుంది. మనిషి దాన్ని మూడుసార్లు పలకాలి. ఆ మనిషి ఆ శబ్దం చేస్తే ఆ అంకె అని దానికి అప్పటి నుంచి తెలుస్తుంది. నేర్పించే పని నాకు అప్పగించారు. తెర మీద అంకె చూస్తే సగం మందికి బెదురు. నేను చర్చిలో పిల్లలతో అనిపించినట్టు, నా వెంట అనండి అన్నాను. ఇరవై నాలుగు మంది, పదేసి నిమిషాలు. కొంగు సర్దుకుని, ఫొటోకు నిలబడ్డట్టు నిలబడి, నేనెట్లా అంటే అట్లా అన్నారు. ఎనిమిది అని నాలుగు అక్షరాలూ విడివిడిగా పలికిన తర్వాత ఖాలా నన్ను చూసి పాసయ్యానా అన్నట్టు కళ్ళెగరేసింది. అరుణ్‌కుమార్ గారు బాగా నేర్పారమ్మా అన్నాడు. నేను ఆ సాయంత్రం గగన్‌పహాడ్ దగ్గర బేకరీలో డానీతో రెండు పఫ్‌లు తిన్నాను.

బల్ల దగ్గర ఎవరూ అట్లా మాట్లాడరు. సరుకు లెక్కపెట్టేటప్పుడు అత్తమ్మ ఒకటి అనదు, లాభం అంటుంది. ఖాలా బర్కత్ అంటుంది. ఏడు అంటే ఏడుపు, చేతిలో సరుకు పెట్టుకుని ఎవరూ ఆ మాట అనరు, ఆరున్నొకటి అంటారు. ఎనిమిది ఎన్మిది అవుతుంది. లాభం అంటే యంత్రానికి ఏమీ అర్థం కాదు. ఆరున్నొకటి అంటే ఆరు మళ్ళీ వచ్చిందనుకుంటుంది. డబ్బాకు తొమ్మిది కాయలైతే మూడుసార్లు నేను "మళ్ళీ చెప్పండి" అంటాను. వయసులో చిన్నవాళ్ళు రెండు రోజుల్లో నాలుక మార్చుకున్నారు. పెద్దవాళ్ళు ఒకటి అందామని అనుకుంటారు, చెయ్యి కాయను తాకగానే నోట్లోంచి లాభం వచ్చేస్తుంది. మే నెల రెండో వారానికి గోడ మీద ఆరు పేర్లు పొద్దంతా ఎర్రగానే ఉన్నాయి. కింద నుంచి మొదటిది హమీదా. మూడోది యేసుమణి.

ఇంట్లో ఆమె నన్ను ఏమీ అనలేదు. నేను అన్నం పెట్టనా అంటే పలికేది కాదు. రెండోసారి అడిగినా పలికేది కాదు. మూడోసారి అడిగాక, "ఆ, ఇప్పుడు ఇనవడ్డది," అనేది. డానీ గోడ వైపు తిరిగి నవ్వేవాడు. నేనూ నవ్వేదాన్ని. శనివారం మధ్యాహ్నం లోపల కింది ఆరుగురినీ తీసేస్తారని తెలిసిన రోజు ఎవరం నవ్వలేదు.

"ఇంకో పని చూస్కుందాంలే అమ్మా," అన్నాడు డానీ.

"ఇంకో పని ఎందుకురా? నాకు పని రాదా?" అంది అత్తమ్మ. "కాయ చేతికొస్తే దాని కడుపుల ఏమున్నదో చెప్త. నాకు ఒకటి రెండు రాదంటది ఆ మిషిని."

నేను పొయ్యి దగ్గర రొట్టె కాలుస్తున్నాను. ఆమె నా వీపుకేసి చూస్తూ ఒక సంగతి చెప్పింది. ఆ మధ్యాహ్నం ఒళ్ళు మండి, నన్ను వెక్కిరిస్తూ అచ్చం నా గొంతుతో ముక్కులోంచి ఎ-ని-మి-ది అన్నదట. అది టక్కున సరే అన్నదట. "నేను నా లెక్క మాట్లాడితే ఇనదు. నీ లెక్క మాట్లాడితే ఇంటది. నాకు తెల్వకడుగుత, అది నా గొంతు నేర్సుకున్నదా, నీ గొంతు నేర్సుకున్నదా?"

రొట్టె మాడిపోయింది. దాన్ని పెనం మీంచి తీయాలని కూడా నాకు తోచలేదు. యంత్రం అత్తమ్మ గొంతు నేర్చుకోలేదు. నా వెంట అంటున్న అత్తమ్మ గొంతు నేర్చుకుంది. ఇరవై నాలుగు మందిదీ అంతే. తెర మీద ఒకటి వచ్చినప్పుడు ఆమెను ఆమె మానాన వదిలేసి ఉంటే లాభం అనేది, యంత్రం లాభమే ఒకటి అనుకునేది. దానికేమన్నా పట్టింపా? నేర్పించిన మనిషికే పట్టింపు.

తప్పు నాదే అని వాళ్ళిద్దరికీ చెప్పాను. అత్తమ్మ మాడిన రొట్టె తన కంచంలో వేసుకుంది.

మర్నాడు శుక్రవారం. పొద్దున్నే అరుణ్‌కుమార్ గారి దగ్గరికి పోయి, అందరి గొంతులూ మళ్ళీ నేర్పిస్తానని అడిగాను. మూడు ట్యాబులున్నాయి, గంటన్నరలో అయిపోతుందన్నాను. ఆయన ఓపిగ్గా విన్నాడు. సీజన్ మధ్యలో గంటన్నర బల్లలు ఆపడం కుదరదన్నాడు. అయినా ఒకటిని ఒకటి అనడానికి వాళ్ళకు కష్టమేమిటమ్మా అన్నాడు. తర్వాత సొరుగులోంచి ఒక చీటీ తీసి నా ముందు పెట్టాడు. ఇంకొక్క వాక్యం రికార్డు చేయాలి, సాయంత్రం లోపల కావాలి. చీటీలో ఇలా ఉంది: "మీ వేగం సరిపోలేదు. దయచేసి హెడ్‌సెట్ బల్ల మీద ఉంచి బయటకు వెళ్ళండి."

ఇది ఎవరికి వినిపిస్తుందని అడిగాను. శనివారం ఆ ఆరుగురికి, అన్నాడు.

"వాళ్ళకు మీరు చెప్పరా సార్?"

"ఎదురుగా నిలబడి చెబితే వాళ్ళకు అవమానంగా ఉంటుందమ్మా. నాకూ ఇబ్బందే. మీ గొంతు మృదువుగా ఉంటుంది, చెవిలో చెబితే పక్కవాళ్ళకు కూడా తెలియదు."

ఆయన అది దయ అనుకునే అన్నాడు, అందులో సందేహం లేదు. నేను చీటీని రెండుసార్లు చదివాను. వాక్యం శుభ్రంగా ఉంది. దయచేసి అని కూడా ఉంది. శనివారం మధ్యాహ్నం మా అత్తమ్మ కాయ చేతిలో పట్టుకుని నిలబడి ఉండగా, ఆమె చెవిలో నేను ఈ మాట అంటాను. సాయంత్రం ఇంటికి పోయి అన్నం పెట్టనా అని అడుగుతాను.

"ఇది నేను చదవను సార్," అన్నాను.

అర్థం కాలేదన్నట్టు చూశాడు.

"మీరు తీసేయాలంటే తీసేయండి సార్. కానీ మీ నోటితో చెప్పండి. నా నోరు ఇయ్య."

పై ఆఫీసు వాళ్ళు ఊరుకోరన్నాడు. నా ఉద్యోగం సంగతి కూడా ఆలోచించుకోమన్నాడు.  బయటికొచ్చి వాటర్ డ్రమ్ము పక్కన నిలబడి గ్లాసెడు నీళ్ళు తాగాను. నవ్వు వస్తున్నది. డానీ వ్యాను దిగి వచ్చి ఏమైందంటే చెప్పాను. వాడు చుట్టూ చూసి, ఎవరూ లేరనుకుని నా నుదుటి మీద ముద్దు పెట్టాడు. ఖాలా చూసింది. విరామంలో ఉంది పాపం, చూడక ఏం చేస్తుంది.

ఇంటికొచ్చాక అత్తమ్మకు అంతా చెప్పాను. ఆమె రాళ్ళు ఏరుతున్న బియ్యం చాట పక్కన పెట్టింది. తర్వాత ఫోన్ తీసి హమీదాకు చేసింది. ఆ తర్వాత ఇంకొకరికి. ఏడెనిమిది ఫోన్లయ్యాక నన్ను అడిగింది ఒక్కటే, ఆ ట్యాబులు పెట్టే అల్మారా తాళం ఎవరి దగ్గర ఉంటదని. నా దగ్గరే అన్నాను. "అయితే రేపు జల్ది లేవాలె," అంది.

శనివారం ఎనిమిదింటికి బల్లల మీద కాయలు పోశారు. ఇరవై నాలుగు మంది బల్లల దగ్గరికి రాలేదు. ఖాళీ ప్లాస్టిక్ ట్రేలు బోర్లించుకుని, వాటి మీద ఇద్దరిద్దరు పక్కపక్కన కూర్చున్నారు. పచ్చ పేర్లవాళ్ళు కూడా. నేను మూడు ట్యాబులు తెచ్చాను. ఒకటి నేను పట్టుకున్నాను, ఒకటి రిదాకు ఇచ్చాను, ఒకటి మనీషాకు. వాళ్ళిద్దరూ గోడ మీద ఎప్పుడూ పైన ఉండే పిల్లలు. మనం ఏమీ అనొద్దు, తెర చూపించి నోరు మూసుకోవాలి, అంతే, అని వాళ్ళకు చెప్పాను.

మొదట ఖాలా. తెర మీద ఒకటి వచ్చింది. అలవాటు కొద్దీ నా మొహం చూసింది. నేను పెదవులు బిగించుకున్నాను. ఆమె ట్రే లోంచి ఒక బేనిషాన్ కాయ తీసి చేతిలో పట్టుకుంది. అప్పుడు మాట దానంతటదే వచ్చింది. "బర్కత్." ఇంకోసారి, ఇంకోసారి. తెర మీద పచ్చ గీత పడింది. చుట్టూ ఉన్నవాళ్ళు అబ్బా అన్నారు. ఏడు దగ్గర ఆరున్నొకటి అని మూడుసార్లు అని, "మషీన్‌కు ఇయ్యాల్టికి అకల్ వచ్చింది, బుద్ధొచ్చింది," అంది ఖాలా.

అరుణ్‌కుమార్ గారు వచ్చేసరికి ఆరుగురివి అయిపోయాయి. ఏమిటిది, పదకొండుకు కార్గోలో సరుకు ఉండాలి, అందరూ లేవండి అన్నాడు. ఎవరూ లేవలేదు. ఆయన మాట తోసేసినట్టూ లేదు, ఎదిరించినట్టూ లేదు, ఎవరి వంతు కోసం వాళ్ళు చూస్తున్నారు. ఉన్న డబ్బాలతో వ్యాను తీయమని ఆయన డానీకి చెప్పాడు. డానీ తాళంచెవి జేబులో వేసుకుని మెట్టు మీద కూర్చుని ఉన్నాడు.

"సగం బండి తీస్కపోతే కార్గోల నన్ను అడుగుతరు సార్," అన్నాడు. "నిండనియ్యుండ్రి. నేను పదకొండుకు పెడ్త."

మేనేజరు గారు ఫోన్ పట్టుకుని బయట ఎండలో అటూ ఇటూ నడిచాడు. మేం ఆపలేదు. యంత్రం ఆ పొద్దున ఎన్ని రకాల ఎన్మిదులు విన్నదో. వనపర్తి ఎన్మిది ఒకటి, పరిగి ఎన్మిది ఒకటి, జల్‌పల్లి ఎన్మిది ఇంకొకటి. ఒకామె తొమ్మిదిని తొమ్ది అన్నది. అన్నీ పచ్చ గీతే. ఆఖరున అత్తమ్మ కూర్చుంది. నా వైపు చూడలేదు. లాభం అన్నప్పుడు ఆమె గొంతు నేను ఇంట్లో ఎప్పుడూ విననంత గట్టిగా ఉంది.

తొమ్మిదిన్నరకు అందరూ హెడ్‌సెట్లు పెట్టుకుని లేచారు. బల్లల దగ్గర చేతులు కదిలాయి. నేను ఆఫీసు గుమ్మంలో నిలబడి విన్నాను. లాభం, రెండు, మూడు. ఇరవై నాలుగు బల్లల్లో ఎవరూ ఆగడం లేదు, ఎవరూ వెనక్కి పోయి మళ్ళీ అనడం లేదు. గోడ మీద పేర్లు ఒక్కొక్కటే రంగు మారాయి. అత్తమ్మ పేరు మారడానికి ఇరవై నిమిషాలు పట్టింది. ఆమె మాత్రం ఒక్కసారి కూడా గోడ వైపు తల తిప్పలేదు. పదీ ఇరవైకి వ్యాను నిండింది. డానీ హారన్ కొట్టుకుంటూ పోయాడు.

అయినా ఆరు పేర్ల కాయితం మేనేజరు గారి చేతిలోనే ఉంది. ఆ వారం మొత్తం లెక్క చూస్తే ఆ ఆరుగురూ కిందే, పై ఆఫీసు వాళ్ళకు ఆ శనివారం పొద్దుటి సంగతి అక్కర్లేదు. పన్నెండుకు పది నిమిషాలుందనగా ఆయన ఆ కాయితం పట్టుకుని షెడ్డులోకి వచ్చాడు. బల్లల మధ్య నుంచి నడిచి అత్తమ్మ ఎదురుగా ఆగాడు. చెవిలో చెప్పడానికి వాక్యం లేదు. ఆయన నోరే ఉంది.

అత్తమ్మ చేతిలో ఉన్న కాయకు జాలి తొడిగి డబ్బాలో పెట్టింది. హెడ్‌సెట్ తీసి పక్కన పెట్టింది.

"చెప్పుండ్రి సార్," అంది.

పక్క బల్లల మీద చేతులు ఆగాయి. ఆ పక్కవి కూడా ఆగాయి. కాసేపటికి షెడ్డులో కోల్డ్ రూం మోటారు చప్పుడొక్కటే మిగిలింది. ఆయన కాయితం చూశాడు. ఆమెను చూశాడు. ఆమె ఎదురుగా నిండి ఉన్న డబ్బాలు చూశాడు. చెమట తుడుచుకున్నాడు.

"రెండో ట్రిప్పు మూడింటికి వెళ్ళాలండీ," అన్నాడు.

"పోతది," అంది అత్తమ్మ.

ఆయన కాయితాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో పెట్టుకున్నాడు. మిగిలిన ఐదుగురి దగ్గరికి పోలేదు. తిరిగి వస్తూ గుమ్మంలో నిలబడ్డ నా దగ్గర ఆగాడు. సోమవారం నుంచి నేను ఆఫీసుకు రానక్కర్లేదన్నాడు. వేరే గొంతు ఏర్పాటు చేసుకుంటారట. మామూలు గొంతుతోనే, నా కళ్ళలోకి చూసి చెప్పాడు. నాకు అందుకు ఆయన మీద కొంచెం గౌరవం కలిగింది. అల్మారా తాళం ఆయన చేతికిచ్చాను.

ఆ మాట అందరికీ వినపడింది. చేతులు మళ్ళీ ఆగాయి. అత్తమ్మ తన బల్ల మీది కాయలను రెండు చేతులతో ఒక పక్కకు జరిపింది. ఇంకో మనిషి నిలబడేంత చోటైంది. హెడ్‌సెట్లు వచ్చాక రెండో మనిషి ఎవరూ నిలబడని చోటు అది. మేనేజరు గారు చూస్తూనే ఉన్నాడు. ఆమె ఆయన వైపు చూడకుండా నన్ను పిలిచింది.

"నిలవడి చూస్తవేంది జూలీ? చేతులు కడుక్కొని రా."